టెర్మినేటర్ 2: ముప్పై ఏళ్లు దాటినా తుప్పు పట్టని లోహం

షాపింగ్ మాల్ వెనకవైపు ఒక సన్నటి నడవ. మధ్యలో పదేళ్ల కుర్రాడు జాన్ కానర్ ఇరుక్కుపోయాడు. ఒక కొసన నల్ల తోలు జాకెట్టు, నల్ల కళ్లద్దాలు, చేతిలో గులాబీల పెట్టెతో కొండలాంటి మనిషి. ఇంకో కొసన బక్కపల్చటి పోలీసు. కొండలాంటి మనిషి పెట్టె తెరుస్తాడు. గులాబీలు నేల రాలతాయి, లోపలినుంచి షాట్‌గన్ పైకి లేస్తుంది. గురి కుర్రాడి వైపే ఉంటుంది. ‘కిందికి వంగు’ అన్న మాట వినపడేదాకా ఆ ఇద్దరిలో ఎవరు కాపాడడానికి వచ్చారో, ఎవరు చంపడానికి వచ్చారో సినిమా నోరు విప్పి చెప్పదు.

మొదటి సినిమా చూసినవాళ్లను పక్కదారి పట్టించడానికి దాదాపు అరగంట సేపు వేసిన వల ఇది. 1984లో వచ్చిన ‘ది టెర్మినేటర్’లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ హంతక యంత్రం, సన్నగా ఉన్నవాడు కాపాడడానికి భవిష్యత్తు నుంచి వచ్చిన రీస్ అనే మనిషి. రెండో సినిమా మొదట్లోనూ అదే లెక్క కనిపిస్తుంది. కండలవాడు బార్‌లో దూరి బట్టలు, బండి గుంజుకుంటాడు. సన్ననివాడు ఒక పోలీసును ఒక్క దెబ్బ కొట్టి యూనిఫాం వేసుకుంటాడు. లెక్క తారుమారైందని తెలిసేది ఈ నడవలోనే. తమాషా ఏమిటంటే, ఇంత కష్టపడి దాచిన గుట్టును సినిమా ట్రైలర్లే రట్టు చేసేశాయి. అందుకని ఆ మలుపును తెలియకుండా చూసినవాళ్లు విడుదల రోజుల్లోనే తక్కువ. ఇక ఈరోజు చూసేవాళ్లలో దాదాపు అందరికీ ఆర్నాల్డ్ మంచివాడని ముందే తెలుసు. అయినా ఆ నడవలో ఊపిరి బిగబట్టక తప్పదు. ఈ సినిమా ఆయుష్షు ఆశ్చర్యం మీద ఆధారపడలేదనడానికి అదొక్కటి చాలు.

అసలు కారణం పిసినారితనం అనిపిస్తుంది. అప్పట్లో అత్యంత ఖరీదైన సినిమాగా పేరు మోసినదాన్ని పిసినారి అనడం విడ్డూరమే. మొదటి సినిమా 64 లక్షల డాలర్లలో పూర్తయితే, దీనికి సుమారు 10 కోట్ల డాలర్లు అయింది. ప్రపంచం మొత్తం మీద 50 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మేకప్, శబ్దం, శబ్ద ప్రభావాల ఎడిటింగ్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో నాలుగు ఆస్కార్లు తెచ్చుకుంది. డబ్బు ఎక్కడా దాచుకోలేదు. కానీ చేతిలో ఉన్న కొత్త విద్యను మాత్రం చెంచాతో కొలిచి వడ్డించారు.

ఆ కొత్త విద్య ద్రవలోహం. టి-1000 అనే ఆ యంత్రం పాదరసంలా కరుగుతుంది, ముట్టుకున్న మనిషి రూపంలోకి మారుతుంది, తూటా దిగిన చోట పూడిపోతుంది. ఈ ఊహ దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు మొదటి సినిమా రాసుకునేటప్పుడే వచ్చింది. అప్పటి సాంకేతికతతో తెరమీదికి తేలేక పక్కన పెట్టేశాడు. 1989లో ‘ది అబిస్’ కోసం నీటితో చేసిన పాములాంటి ఆకారాన్ని కంప్యూటర్‌లో సృష్టించాక ధైర్యం వచ్చింది. ఆ పని చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థే, డెనిస్ మ్యూరెన్ ఆధ్వర్యంలో, ఈ సినిమాకూ పనిచేసింది. 137 నిమిషాల సినిమాలో వాళ్లు కంప్యూటర్‌తో చేసిన టి-1000 షాట్లు నలభై చిల్లర. అన్నీ కలిపితే తెర మీద ఐదారు నిమిషాలకు మించవు. ఈ రోజుల్లో ఒక మోస్తరు తెలుగు సినిమా పాటలోనే అంతకంటే ఎక్కువ గ్రాఫిక్స్ షాట్లు ఉంటాయి.

ఆ కాసేపు కూడా ఎందుకు పాతబడలేదన్నది చూడాలి. మొదటి మెలకువ పదార్థం ఎంపికలో ఉంది. 1990లో కంప్యూటర్‌కు మనిషి చర్మం చేతకాదు. జుట్టు, నలిగిన గుడ్డ, చెమట ఏవీ చేతకావు. అద్దంలా మెరిసే నున్నటి లోహం మాత్రం చేతనవును. ఎందుకంటే మెరుపు లోహానికి సొంతంగా రంగు అక్కర్లేదు, చుట్టూ ఉన్నదాన్ని తిరిగి చూపిస్తే సరిపోతుంది. అందుకోసం సెట్‌లో నాలుగు దిక్కులా ఫొటోలు తీసి, వాటిని కలిపి, ఆ ప్రతిబింబాన్ని లోహపు ఆకారం మీద పరిచేవారు. కాబట్టి ఆ బొమ్మ మీద పడే వెలుగు ఆ గదిదే. కంప్యూటర్ బలహీనతను ఆ పాత్ర స్వభావంగానే మార్చేశారు. ఒకవేళ అదే ఏడాది కంప్యూటర్‌తో ఒక తోడేలునో, ముసలాయన ముఖాన్నో చేయబోయి ఉంటే, ఈరోజు దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం.

కదలిక కోసం టి-1000 వేషం వేసిన రాబర్ట్ ప్యాట్రిక్ ఒంటి మీద గళ్లు గీసి, నడిపించి, పరిగెత్తించి, రెండు కెమెరాలతో తీశారు. తర్వాత ఫ్రేము ఫ్రేముకూ ఆ గళ్లు ఎటు జరిగాయో చూసుకుని కంప్యూటర్‌లోని ఆకారాన్ని నడిపించారు. చేయి, భుజం, మెడ విడివిడి ముక్కలుగా ఉన్న కంప్యూటర్ బొమ్మ కదిలినప్పుడు అతుకుల దగ్గర చీలిక కనిపించేది. ఆ అతుకులను నున్నగా కలపడానికి ‘బాడీ సాక్’ అనే సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. నిజంగా తీసిన బొమ్మను సాగే ఆకారానికి అంటించడానికి ఇంకొకటి, దాని పేరు ‘మేక్ స్టిక్కీ’. ఆసుపత్రిలో ఇనుప ఊచల మధ్య నుంచి ముఖం సాగుతూ ఇవతలికి వచ్చే షాట్ దీని పుణ్యమే.

రెండో మెలకువ ఇంకా గట్టిది. కంప్యూటర్ బొమ్మను ఎక్కడా ఒంటరిగా వదల్లేదు. టి-1000 ఛాతీ మీద తూటా తగిలి వెండి పువ్వులా విచ్చుకునే గాయాలు గుర్తున్నాయా? వాటిలో చాలావాటికి కంప్యూటర్‌తో సంబంధమే లేదు. స్టాన్ విన్‌స్టన్ స్టూడియోవాళ్లు ఫోమ్ రబ్బరుతో పువ్వులు చేసి, మెరుపు పూత పూసి, మడిచి, యూనిఫాం కింద స్ప్రింగులతో బిగించారు. బట్టను ముందే కోసి పెట్టుకున్నారు. పట్టు వదలగానే పువ్వు విచ్చుకునేది. నటుడు అదే క్షణానికి వెనక్కి తూలాలి. తల రెండుగా చీలిన బొమ్మ, మొండెం నడిమికి పగిలిన బొమ్మ, గ్రెనేడు పేలాక మెలికలు తిరిగిపోయిన బొమ్మ ఇవన్నీ చేతితో చేసిన తోలుబొమ్మల్లాంటివే. తెర మీద జరిగే క్రమం ఇలా ఉంటుంది: నటుడికి దెబ్బ తగులుతుంది, తర్వాతి షాట్‌లో రబ్బరు బొమ్మ, ఆ తర్వాత ఒకటి రెండు సెకన్లు గాయం పూడుకునే కంప్యూటర్ షాట్, మళ్లీ నటుడు. ఏది ఎక్కడ మారిందో కన్ను పసిగట్టేలోపు పని అయిపోతుంది. కన్ను ఒకసారి నిజమైన వస్తువును చూసి నమ్మితే, ఆ నమ్మకం తర్వాతి రెండు సెకన్లకు అరువు దొరుకుతుంది. అరువు తీరేలోపే నిజమైన వస్తువు మళ్లీ తెర మీదికి వస్తుంది.

ఇంకొన్ని చోట్ల అసలు ఏ యంత్రమూ వాడలేదు. ఆసుపత్రి కాపలావాడు కాఫీ మెషిన్ దగ్గర తన రూపాన్నే ఎదురుగా చూసి నిలువునా చచ్చిపోయే సన్నివేశంలో నటించినవాళ్లు డాన్ స్టాంటన్, డ్యాన్ స్టాంటన్ అనే కవలలు. చివర్లో ఉక్కు కర్మాగారంలో టి-1000 జాన్ తల్లి సారా రూపం ఎత్తి, ఇద్దరు సారా కానర్లు కనపడే చోట, ఒకరు లిండా హామిల్టన్ అయితే, రెండోది ఆమె తోబుట్టువు, కవల సోదరి లెస్లీ. మన సినిమాల్లో ద్విపాత్రాభినయానికి తెరను నిలువునా కోసి అతికించే పద్ధతి తరతరాలుగా ఉంది. అతుకు దగ్గర ఎవరూ చేయి దాటించకూడదు. కవలలు దొరికితే ఆ గొడవే లేదు.

ఇక శబ్దం. ద్రవలోహం ఎలా చప్పుడు చేస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఏ చప్పుడైనా పెట్టొచ్చు, అదే పెద్ద చిక్కు. శబ్ద రూపకర్త గ్యారీ రైడ్‌స్ట్రామ్ ఊచల్లోంచి టి-1000 దూరే చోట వాడింది కుక్కల ఆహారపు డబ్బా. డబ్బా తలకిందులు చేస్తే లోపలి ముద్ద గాలిని పీల్చుకుంటూ ‘జ్లుప్’మని మెల్లగా జారే చప్పుడు అది. కరిగి పారే చోట్ల కోసం, మైక్రోఫోన్‌కు తడి తగలకుండా తొడుగు వేసి, పిండి కలిపిన నీళ్లలో ముంచి, గాలి ఊది బుడగలు తెప్పించాడు. ఖరీదైన కంప్యూటర్ బొమ్మకు వంటింటి సామాను ప్రాణం పోసింది. సంగీతంలోనూ అదే వరస. బ్రాడ్ ఫీడెల్ ఈ సినిమాల ముద్రగా నిలిచిన ఆ ఇనుప దెబ్బను మొదటి సినిమా కోసం ఒక పోత ఇనుము పెనాన్ని కొట్టి రికార్డు చేశాడు. లయ యంత్రంలో లూప్ కాస్త ముందే తెగిపోవడంతో 1984 నాటి ఆ టైటిల్ సంగీతం లెక్క 13/16లో పడింది. కుంటుతున్నట్టు, ఒక అడుగు ఎప్పుడూ తక్కువైనట్టు ఉండే ఆ నడక బాగుందని అలాగే ఉంచేశాడు. ఎనిమిది అక్షరాల ఆది తాళానికి అలవాటు పడిన చేతితో దానికి చిటికెలు వేయబోతే మూడో ఆవృత్తానికే తప్పిపోతుంది.

గ్రాఫిక్స్ సంగతి ఇలా ఉంటే, కథకు కూడా అదే కట్టుబాటు ఉంది. టి-1000 ఏం చేయగలదో, ఏం చేయలేదో సినిమా మొదటి మూడో వంతులోనే తేల్చి చెబుతుంది. జాన్ అడుగుతాడు: మరి అది బాంబుగా ఎందుకు మారదు? జవాబు: మారలేదు. తుపాకులు, పేలుడు పదార్థాలకు రసాయనాలు, కదిలే భాగాలు కావాలి, అది అలా పనిచేయదు. గట్టి లోహపు ఆకారాలు మాత్రం చేయగలదు, అంటే కత్తులు, పొడిచే ఆయుధాలు. తన పరిమాణం ఉన్నవాటినే అనుకరిస్తుంది, అదీ ఒకసారి ముట్టుకున్నాకే. ఈ నాలుగు ముక్కల వల్ల ప్రేక్షకుడి చేతికి ఒక కొలబద్ద వస్తుంది. ఇకపై ప్రతి సన్నివేశంలోనూ తనే లెక్కలు వేసుకుంటాడు: అది నేలలా పరుచుకున్న చోట ఎవరో నడిచారు, అయితే ఆ మనిషి అయిపోయినట్టే.  విలన్ దేనికైనా మారిపోగలడు అంటే భయం పుట్టదు, నీరసం పుడుతుంది. తర్వాతి కాలంలో వచ్చిన ఎన్నో సినిమాలు ఈ ఒక్క దగ్గరే బోల్తా కొట్టాయి.

టి-1000ను చంపడం కూడా ఆ నియమాల్లోంచే వస్తుంది. ద్రవ నత్రజని ట్యాంకరు బోల్తా పడుతుంది. ద్రవ నత్రజని మరిగే ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. కారిన ద్రవంలో నడుస్తూ యంత్రం గడ్డకడుతుంది, అడుగు తీయబోతే చీలమండ విరుగుతుంది, ఒక్క తూటాకు వెయ్యి పెంకులవుతుంది. కానీ పక్కనే ఉక్కు కరిగే కొలిమి. ఆ వేడికి పెంకులు చుక్కలై, చుక్కలు కలిసి మళ్లీ మనిషవుతాయి. చలి, వేడి అనే రెండు కొసలను పక్కపక్కన పెట్టిన ఆ ఏర్పాటు బడిలో చదివే సైన్సు లాగా సూటిగా ఉంటుంది. ఉక్కు కరగడానికి దాదాపు 1500 డిగ్రీలు కావాలి, ఆ వేడిలో పడ్డాక ఇక కోలుకునేది ఉండదని ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ సన్నివేశాలు తీసిన కాలిఫోర్నియాలోని ఫాంటానా కర్మాగారం అప్పటికే ఏళ్ల తరబడి మూతపడి చల్లారిపోయింది. నిప్పులు కక్కుతున్నట్టు కనిపించే ఆ వెలుగంతా ఛాయాగ్రాహకుడు ఆడమ్ గ్రీన్‌బర్గ్ దీపాలతో తెచ్చిందే. సినిమాలో ఎక్కువ భాగం రాత్రిపూట నీలి వెలుగులో నడిపి, చివరికి నారింజ వెలుగులో పడేయడం వల్ల ఆ వేడి ఒంటికి తగిలినట్టే ఉంటుంది.

యాక్షన్ సన్నివేశాల్లో కాలువ ఛేజును విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో వరద నీరు పోవడానికి కట్టిన కాంక్రీటు కాలువ అది. రెండువైపులా గోడలు, మధ్యలో సన్నటి నీటి పాయ. అంటే పక్కకు తప్పుకునే దారి లేదు, ముందుకు పోవడం ఒక్కటే. అందులో మూడు బండ్లు: కుర్రాడి చిన్న బండి, వెనక కాలువ నిండా పట్టే టో ట్రక్కు, ఆర్నాల్డ్ నడిపే హార్లీ డేవిడ్సన్ ఫ్యాట్ బాయ్. చిన్నది, పెద్దది, మధ్యరకం. మూడు కొలతలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఏ షాట్‌లోనూ ఎవరు ఎవరి వెనక ఉన్నారో వెతుక్కునే పని ఉండదు. ట్రక్కు వంతెన గోడ బద్దలుకొట్టుకుని కాలువలో పడుతుంది. ఎత్తు ఎక్కువై వంతెన కింద పట్టదు, దాంతో ట్రక్కు పైకప్పు మొత్తం చెక్కుకుపోతుంది. ఆర్నాల్డ్ ఒంటి చేత్తో బండి నడుపుతూ, రెండో చేత్తో షాట్‌గన్‌ను గిర్రున తిప్పి గుండు ఎక్కిస్తాడు. ఆ తుపాకీ వించెస్టర్ 1887, అలా తిప్పడానికి వీలుగా దాని మీట వలయాన్ని పెద్దది చేశారు. బండి కాలువలోకి దూకే షాట్‌లో స్టంట్ మనిషిని, బండిని ఉక్కు తాళ్లు మోశాయి. బరువు తాళ్ల మీద పడింది కాబట్టి నేల తాకినప్పుడు మనిషి నడుము విరగలేదు. తర్వాత ఆ తాళ్లను కంప్యూటర్‌లో చెరిపేశారు. ఈరోజు ప్రతి తెలుగు సినిమా ఫైటులో రోప్ చెరిపే పని మామూలే, అప్పటికి అది కొత్త.

ఛేజు ముగింపు చూడండి. ట్రక్కు వంతెన స్తంభానికి గుద్దుకుని పేలుతుంది. మంటల్లోంచి ఒక చక్రం దొర్లుకుంటూ బయటికొస్తుంది. అంతే, ఇంకేం లేదు అనుకుని బండి వెళ్లిపోతుంది. అప్పుడు మంటల్లోంచి ముఖం లేని వెండి మనిషి నడిచి వస్తాడు. నాలుగడుగుల్లో బట్టలు, చర్మం, బ్యాడ్జి వచ్చేస్తాయి. యంత్రాన్ని పూర్తి లోహ రూపంలో సినిమా చూపించడం అదే మొదలు. అప్పటిదాకా ఆ ముఖాన్ని దాచిపెట్టి, ఇంత పెద్ద ఛేజు చివర్లో చూపించారు కాబట్టి ఆ కొన్ని సెకన్లు అంత బరువు తూగాయి.

ఇంత లోహం మధ్య మనసు తడిపే సన్నివేశం ఒకటుంది, దాంట్లో గ్రాఫిక్స్ లేవు. సారా పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకుంటోంది. పేపర్ క్లిప్పుతో తాళం తీసింది, చీపురు కర్రతో కాపలావాళ్లను కొట్టింది, మురుగు గొట్టాలు కడిగే మందు నింపిన సిరంజి డాక్టరు మెడకు ఆనించి గేటు దాటింది. ఇన్నీ చేసిన మనిషి లిఫ్టు దగ్గరికి పరిగెత్తుతుంది. తలుపు తెరుచుకుంటుంది. బయటికి వచ్చింది తన ప్రేమించినవాడి చావుకు కారణమైన ముఖం. ఆమె కాళ్లు జారిపోతాయి, వెల్లకిలా పడి, నున్నటి నేల మీద వెనక్కి పాకుతూ, లేచి, తాను తప్పించుకుని వచ్చిన కాపలావాళ్ల వైపే పరిగెత్తుతుంది. అంతకుముందు చూపించిన కండలు, తెలివి, పగ అన్నీ ఒక్క క్షణంలో ఆవిరైపోతాయి. అది మంచి యంత్రమని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. తర్వాత ఆ యంత్రం చేయి చాచి, బతకాలంటే నాతో రా అంటుంది. మొదటి సినిమాలో ఆమెతో ఆ మాట అన్నది ఆమె బిడ్డకు తండ్రైన రీస్. ఇదంతా మనసులో ఇంకా సర్దుకోకముందే నడవ చివర టి-1000 ప్రత్యక్షమై ఊచల్లోంచి దూరిపోతాడు. ముఖం, ఒళ్లు నీళ్లలా ఇవతలికి వచ్చేస్తాయి, కానీ చేతిలోని తుపాకీ ఊచలకు తగిలి ‘టక్’మని ఆగుతుంది. ఎందుకంటే అది ద్రవలోహం కాదు, మామూలు తుపాకీ. అతను మణికట్టు కాస్త తిప్పి దాన్ని బయటికి లాక్కుంటాడు. నలభై చిల్లర కంప్యూటర్ షాట్లలో ఎక్కువమందికి గుర్తుండేది ఇదే. అందులో గుర్తుండే క్షణం కంప్యూటర్ చేసిన సాగుడు కాదు, ఆ ఇనుప ‘టక్’.

ఈ పాత్రకు లిండా హామిల్టన్ పడిన కష్టం తెర మీద కనిపిస్తుంది. ఇజ్రాయెల్ సైన్యంలో పనిచేసిన ఉజి గాల్ దగ్గర ఆయుధాల శిక్షణ తీసుకుంది, నెలల తరబడి ఒళ్లు గట్టిపరుచుకుంది. లిఫ్టులో కాల్పుల సన్నివేశం తీసేటప్పుడు చెవిలో రక్షణ పెట్టుకోవడం మరిచి ఒక చెవి వినికిడి కొంత శాశ్వతంగా పోగొట్టుకుంది. రాబర్ట్ ప్యాట్రిక్ నోరు తెరవకుండా, రొప్పకుండా పరిగెత్తడం, రెప్ప వేయకుండా తుపాకీ కాల్చడం సాధన చేశాడు. అలుపు లేని యంత్రాన్ని చూపించాలంటే అలుపు దాచుకోగల మనిషి కావాలి మరి. ఆర్నాల్డ్ ట్యాంకు లాంటి యంత్రమైతే ఇది స్పోర్ట్స్ కారులా ఉండాలన్నది కామెరాన్ ఆలోచన. ఆ ఎంపిక సరైనదనడానికి ప్యాట్రిక్ పరుగు చాలు.

కథలో కత్తిలాంటి మలుపు సారాదే. భవిష్యత్తులో మనుషులను తుడిచిపెట్టే స్కైనెట్‌కు మూలమైన చిప్‌ను తయారుచేస్తున్న ఇంజనీరు మైల్స్ డైసన్ ఇంటి ముందు ఆమె రైఫిల్‌తో పడుకుంటుంది. ఎర్రటి లేజర్ చుక్క అతని వీపు మీద పాకుతుంది. మొదటి సినిమాలో ఆమె నుదుటి మీద వాలిన చుక్క కూడా అలాంటిదే. అంటే ఇప్పుడు టెర్మినేటర్ ఆమే. అదే సమయానికి డైసన్ కొడుకు రిమోట్ బండి వచ్చి తండ్రి కాలికి తగులుతుంది, అతను వంగుతాడు, తూటా తప్పుతుంది. యంత్రం చంపకూడదని నేర్చుకుంటుంటే మనిషి చంపే యంత్రమవుతోంది. ఈ మాటను ఎవరూ పైకి అనరు. మరోపక్క డైసన్ పనిచేసే సైబర్‌డైన్ కంపెనీ భవనం కిటికీలోంచి మినీగన్‌తో పోలీసు కార్లన్నింటినీ తుక్కు చేశాక, ఆర్నాల్డ్ కంటి తెర మీద ఒక లెక్క పడుతుంది: ప్రాణనష్టం 0.0. దశాంశంతో సహా. సినిమా మొత్తంలో అతను ఒక్క మనిషినీ చంపడు. కుర్రాడికి ఇచ్చిన మాట అది.

కృత్రిమ మేధ గురించి ఈ సినిమా జోస్యం చెప్పిందని ఈమధ్య తరచూ వినిపిస్తోంది. అది కొంచెం అతి. 1997 ఆగస్టు 29న స్కైనెట్ మేల్కొంటుందని సినిమా అంది, ఆ తేదీ ఏమీ జరక్కుండానే దాటిపోయింది. స్కైనెట్ ఎలా ఆలోచిస్తుందన్న విషయంలో సినిమా దగ్గర చెప్పుకోదగ్గ సరుకు లేదు. ఉన్న సరుకల్లా డైసన్ దగ్గర ఉంది. ఆ చిప్ ఎక్కడినుంచి వచ్చిందని పైవాళ్లను ఒకసారి అడిగానని, అడగొద్దన్నారని అతను చెబుతాడు. అడగొద్దంటే ఊరుకున్నాడు, పని నచ్చింది కాబట్టి చేసుకుపోయాడు. దుర్మార్గుడు కాడు, ఇంట్లో మంచి తండ్రి. ఆఫీసుల్లో పనిచేసే ఎవరికైనా అతను బాగా తెలిసిన మనిషే.

తప్పులు లేవా అంటే, ఉన్నాయి. సజీవ కణజాలం కప్పుకున్నదే కాలయంత్రంలో ప్రయాణించగలదని మొదటి సినిమా నియమం పెట్టింది. ఒంటి మీద రవ్వంత చర్మం లేని టి-1000 ఎలా వచ్చాడు? సమాధానం దొరకదు. నియమాలే బలమైన సినిమాలో ఇది పెద్ద చిల్లే, కథ వేగం మీద దాటించేశారు. కాలువలో పడినప్పుడు ట్రక్కు ముందు అద్దం ఊడిపోయి, తర్వాతి షాట్‌లో మళ్లీ ఉంటుంది. హార్లీ మీద దూకేది ఆర్నాల్డ్ కాదని ఫ్రేము ఆపితే ఇట్టే తెలుస్తుంది. 2017లో త్రీడీగా మార్చినప్పుడు ఆ ముఖాన్ని కంప్యూటర్‌లో సరిచేశారు.

ఇప్పుడు చూడబోయేవాళ్లు ఏ ప్రతి చూస్తున్నారో గమనించడం మంచిది. థియేటర్ వెర్షన్ 137 నిమిషాలు. 1993లో బయటికొచ్చిన ప్రత్యేక కూర్పు దానికంటే సుమారు పావుగంట ఎక్కువ. 2017 తర్వాత వచ్చిన 4కె డిస్కులో ఫిల్ము రేణువులను మరీ ఎక్కువగా తుడిచేయడంతో ముఖాలు మైనం బొమ్మల్లా తయారయ్యాయి. చెమట, గరుకు, గాయం మీద నడిచే సినిమాకు అది శిక్షే. ముఖం మీద రంధ్రాలు కనపడకుండా నున్నగా ఉంటే తెర ఖరీదు ఎంతైనా ఆ ప్రతి పక్కన పెట్టి, పాత బ్లూరే చూడడం మేలు. ముందుగా థియేటర్ వెర్షన్ చూడాలి, రెండోసారికి ప్రత్యేక కూర్పు. ఈ వరస తిప్పితే వేగం పాడవుతుంది. కామెరాన్ తీసి పక్కన పెట్టిన ఇంకో ముగింపు కూడా డిస్కుల్లో దొరుకుతుంది: పార్కులో ముసలి సారా, సెనేటరైన జాన్, అంతా క్షేమం. దాని బదులు చీకటి రోడ్డు మీద పరుగెత్తే తెల్ల గీతలతో ముగించారు, మంచి పని చేశారు.

తెలుగువాళ్లకు ఒక చిన్న కాకతాళీయం. ఈ సినిమా అమెరికాలో విడుదలైంది 1991 జులై 3న. కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ తిరిగొచ్చిన సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ వచ్చింది అదే నెల 18న. రెండూ కాలయానమే, ఖర్చుల్లో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఇంకో దారి కూడా ఉంది: స్టాన్ విన్‌స్టన్ 2008లో పోయాక ఆయన బృందం లెగసీ ఎఫెక్ట్స్ పేరుతో కొనసాగింది. 2010లో తెలుగులో ‘రోబో’గా వచ్చిన శంకర్ సినిమాకు పనిచేసింది వాళ్లే.

ప్రత్యేక కూర్పు చూసేటప్పుడు ఒక్క షాట్ దగ్గర ఆపి చూడాలి. పాడుబడ్డ గ్యారేజీలో సారా, జాన్ కలిసి ఆర్నాల్డ్ తల కోసి చిప్ బయటికి తీస్తారు. యంత్రం నేర్చుకునేలా మీట మార్చాలని కొడుకు, సుత్తితో చిప్ పగలగొట్టాలని తల్లి. షాట్ మొదట్లో అద్దంలో ఆర్నాల్డ్ ముఖం, అద్దం ముందు అతని వీపు, పుర్రెలో పనిచేస్తున్న సారా చేతులు, అన్నీ ఒకే చట్రంలో కనిపిస్తాయి. తెరిచిన పుర్రె, కదిలే ముఖం రెండూ ఒకేసారి ఎలా? అక్కడ అద్దం లేదు. గోడకు కిటికీలా రంధ్రం కోసి, అవతల ఇంకో గది కట్టారు. ఇవతల ఉన్నది బొమ్మ తల, దాని మీద పనిచేస్తున్నది లెస్లీ. అవతల కూర్చుని ప్రతిబింబంలా నటించినవాళ్లు అసలు ఆర్నాల్డ్, అసలు లిండా. ఇద్దరు అక్కచెల్లెళ్ల చేతులు ఒకే లయలో కదలాలి, అంతే.